కింది గొంతు

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కితే చాలు, డ్రైవరు ఆ పాటే పెడతాడు. పోచారంలో మా ఆఫీసు వచ్చేలోపు ఒకటికి రెండుసార్లు వినక తప్పదు. పక్కన కూర్చున్న వాళ్లు పెదాలు కదుపుతుంటారు. ఘట్‌కేసర్ కాలేజీ పిల్లలైతే ఏకంగా గొంతెత్తుతారు. నేను మాత్రం బ్యాగు ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంటాను. ఆ పాటలో పైన వినబడే రాగం అందరికీ నోటికి వచ్చు. దాని కింద ఇంకో గొంతు మెల్లగా నడుస్తుంటుంది. ఆ కింది గొంతు కట్టింది నేనే. రికార్డులో పాడింది మాత్రం నేను కాదు.

ఈ ముక్క ఆటోలో ఎవరితోనైనా అంటే "మస్తు జెప్పినవ్ తియ్యి అక్కా" అని నవ్వుతారు. వాళ్ల చోట నేనున్నా అంతే.

ఆ పాట పాడిన ముగ్గురు అమ్మాయిలకు ఇప్పుడు ఊరంతా పేరు. ఊరేమిటి, రెండు రాష్ట్రాల్లోనూ పేరే. మొదట్లో మేం నలుగురం. విడిపోయి ఏళ్లు గడిచాయి. నాకు ఉద్యోగం ఉంది, తిండికీ బట్టకూ లోటు లేదు, ఇంట్లో అరిచేందుకు అమ్మ ఉంది. అయినా ఒక కోరిక చావలేదు. మళ్లీ ఒక్కసారి ఆ ముగ్గురి పక్కన నిలబడి పాడాలి. పేరు కోసం కాదని బుకాయించను, కొంచెం పేరు కోసం కూడా. కానీ ఎక్కువగా ఆ నిలబడటం కోసమే. భుజానికి భుజం తగులుతూ, పక్కవాళ్ల ఊపిరి వినబడుతూ పాడిన రోజులు గుర్తొస్తే, ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

మా ఇల్లు నాచారంలో. నాన్న జనగామ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడి మందుల కంపెనీలో ప్యాకింగు పనిలో చేరాడు. మా వీధి చివరే మా చర్చి. నేను పుట్టేటప్పటికి రేకుల షెడ్డు, నేను పదో తరగతికి వచ్చేసరికి స్లాబు పడింది. పాటల పని మొత్తం పాస్టరమ్మదే. అంటే పాస్టరుగారి భార్య, వరంగల్ వైపు మనిషి. ఆమెకు సంగీతం రాయడం, చదవడం రాదు. చిన్నప్పుడు మిషను హాస్టల్లో చెవితో పట్టుకున్నది మాకు నోటితో ఇచ్చేది. కోపం వస్తే పాటల పుస్తకంతోనే నెత్తిన ఒకటి వేసేది. అందులో దేవుడి పాటలే ఉంటాయి కాబట్టి తప్పు లేదని ఆమె లెక్క.

శనివారం సాయంత్రాలు ప్రాక్టీసు. అందరూ పాడే రాగాన్ని పై గొంతు అనేది. దానికి తోడుగా కింద నడిచేది కింది గొంతు. పై గొంతు ఎవరైనా పాడతారు, పాట రెండుసార్లు వింటే చాలు. కింది గొంతు అట్లా కాదు. దానికంటూ సొంత రూపం ఉండదు, పక్కన పై గొంతు ఉంటేనే దానికి అర్థం. అందుకే పాస్టరమ్మ మమ్మల్ని జతలుగా, భుజాలు ఆనేటట్టు నిలబెట్టేది. "చెవి పక్కదాని మీద పెట్టు. నోరు నీ మీద పెట్టుకో" అనేది. ఇంకో నియమం కూడా ఉండేది. కింది గొంతు వాళ్లు ఇంట్లో ఒంటరిగా సాధన చేయకూడదు.

"ఒక్కదానివి పాడితే అది వేరే పాటైతది బిడ్డా. మల్ల అచ్చి కలువదు."

పది ఆజ్ఞల తర్వాత ఇది పదకొండోదని మా నాన్న ఎగతాళి చేసేవాడు. నేను మాత్రం తు.చ. తప్పకుండా పాటించాను. స్నానం చేస్తూ కూనిరాగం తీసినా అమ్మ బయటి నుంచి అరిచేది, "పాస్టరమ్మ ఇన్నదంటే నీ తోలు దీస్తది" అని. అట్లా కింది గొంతు నాకు వచ్చింది. ఒంటరిగా అడిగితే మాత్రం రాదు. పక్కన మనిషి నిలబడితే దానంతట అదే వచ్చేది.

ఆ పక్క మనిషి మా ఇంట్లోనే దొరికింది. మా మేడ మీది వాటాలోకి తణుకు వైపు నుంచి ఒక కుటుంబం అద్దెకు దిగింది. ఆయన ఏదో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. శుక్రవారం పూజలు, శనివారం ఉపవాసాలు చేసే ఇల్లు. వాళ్ల కూతురు నా ఈడుదే. మొదటిసారి మా చర్చికి క్రిస్మస్ కేకు కోసం వచ్చింది, దాచడం ఎందుకు. కేకు తిని ఊరుకోకుండా ప్రాక్టీసులో కూర్చుని, మేం వారాలుగా కుస్తీ పడుతున్న పాటను వెనక బెంచీ నుంచి అందుకుంది. పాస్టరమ్మ చేతిలో పుస్తకం గాలిలోనే ఆగిపోయింది.

"ఎవలే నువ్వు? ఇట్ల రా."

ఆ పిల్ల భయపడుతూ ముందుకొచ్చింది. పాస్టరమ్మ ఆమెను తెచ్చి నా కుడి పక్కన నిలబెట్టింది. "ఈ పిల్ల గొంతు గోడ లెక్కున్నది. నువ్వు ఆనుకో" అంది నాతో. ఆనుకున్నాను. ఆ రోజు మొదటిసారి నాకు పాట లోపలి నుంచి ఎట్లా ఉంటుందో తెలిసింది. మేడ మీది పిల్ల పైకి వెళ్తే నేను కింద నిలబడేదాన్ని, ఆమె ఆగితే నేను కదిలేదాన్ని. వాళ్లమ్మ కూడా ఏమీ అనలేదు. "పాటే కదమ్మా, పాడుకోండి. పిల్ల మా దేవుణ్ని మర్చిపోకుండా ఉంటే చాలు" అంది మా అమ్మతో.

మిగతా ఇద్దరూ చిల్కానగర్ అక్కాచెల్లెళ్లు. అక్కకు తాళం ఎక్కువ, నిలబడి నీళ్లు తాగుతున్నా కాలు ఊగుతూనే ఉండేది. చెల్లి పాటలు రాసేది, రాసినవి ఎవరికీ చూపించకుండా దిండు కింద పెట్టుకునేది. వాళ్ల అన్న ఘట్‌కేసర్‌లో ఇంజినీరింగు చదువుతూ మా చర్చిలో కీబోర్డు వాయించేవాడు. మమ్మల్ని గ్రూపు చేయాలన్న పిచ్చి ఆ అన్నదే. కొరియా పిల్లల వీడియోలు చూసి చూసి కళ్లు వాచిపోయిన మనిషి. "మీరు గిట్ల చర్చి సంఘంల పాడుకుంట కూసుంటే ఎట్ల? మస్తు టాలెంట్ ఉన్నది మీకాడ" అని వెంటపడ్డాడు.

పాటలు లేకముందే గ్రూపుకు పేరు కావాలన్నాడు. పెట్టిన ప్రతి పేరూ ఇంగ్లీషులోనే, ఒకదాన్ని మించి ఒకటి ఘోరం. మా నాన్న వింటూ వింటూ, "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని లేచిపోయాడు. చివరికి చెల్లి చెప్పిన పేరు ఖాయమైంది. దాన్ని ఇక్కడ రాయను. రాస్తే మీరు చదవడం ఆపి ఫోను తీస్తారు.

ప్రాక్టీసు మా మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో. స్టెప్పులు అక్క చెప్పేది. నాకు పాట వచ్చినంత సులువుగా కాలు రాదు. ముగ్గురూ ఎడమకు తిరిగితే నేను వాళ్లకు ఎదురుపడేదాన్ని. "దీన్ని నడుమల పెట్టుర్రి, అటు ఇటు కొట్టుకుంట తిరుగుతది" అని అక్క నవ్వేది. అద్దం లేదు కాబట్టి వీధిలోకి దిగి ఎదురింటి ఆయన కారు కిటికీ అద్దాల్లో మా స్టెప్పులు చూసుకునేవాళ్లం. ఆయన కారు తీసుకుని ఆఫీసుకు పోతే ఆ రోజుకు ప్రాక్టీసు బందు. నలుగురికీ ఒకే బట్ట ఉప్పల్‌లో కొని కుట్టిస్తే, టైలరు అందరికీ మేడ మీది పిల్ల కొలతలే వేశాడు. నేను ఊపిరి బిగబట్టుకుని వేసుకున్నాను. ఊపిరి బిగబట్టి పాడటం ఎట్లాగో కూడా అప్పుడే నేర్చుకున్నాను.

మొదటి స్టేజి ఆ అన్న కాలేజీ పండుగలోనే. మేం వెళ్లేసరికి సౌండు అతని దగ్గర పనిచేసే మైకులు రెండే మిగిలాయి. అన్న మొహం మాడిపోయింది. మాకు మాత్రం హాయిగా అనిపించింది. ఒక్కో మైకు ముందు ఇద్దరిద్దరం, చర్చిలో నిలబడ్డట్టే, భుజాలు ఆనించి నిలబడ్డాం. ఒక్క స్టెప్పూ వేయలేదు. ఆ కాలేజీ కుర్రాళ్లు అంతకుముందు పాడిన వాళ్లను గోల చేసి దింపేశారు, మాకూ అదే పడుతుందని నేను దేవుణ్ని తలుచుకున్నాను. రెండో చరణానికి వచ్చేసరికి మైదానం చప్పుడు చేయలేదు. మా గొంతులు నాలుగూ కలిసి ఎక్కడో పైన ఐదో గొంతు పుట్టినట్టు వినబడింది. మేడ మీది పిల్ల చెయ్యి నా చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది. జీవితంలో అంత సంతోషం నాకు ఆ తర్వాత దొరకలేదు. పెళ్లి చేసుకుంటే దొరుకుతుందని అమ్మ అంటుంది, చూద్దాం.

తర్వాత చెల్లి దిండు కింద నుంచి ఒక పాట బయటికి వచ్చింది. మెట్రో రైలు కిటికీలోంచి తన ఇంటి మేడ చూసుకునే అమ్మాయి పాట అది. "రైలులకెంచి మా మేడ అగుపడ్డది, మేడ మీదికెంచి నేను అగుపడలే" అని మొదలవుతుంది. రాగం మేడ మీది పిల్ల కట్టింది. కింది గొంతు నేను మా ఇంటి మెట్ల మీద కట్టాను. ఆమె పై మెట్టు మీద కూర్చుని పాడుతూ ఉంటే, నేను రెండు మెట్లు కింద కూర్చుని వెతుక్కుంటూ పోయాను. ఒకచోట ఆమె రాగం పైకి పోతుంటే నాది ఉన్నచోటే ఉండిపోతుంది. "అక్కడ నువ్వు కదలకే, నాకు ఏడుపొస్తోంది" అంది ఆమె. కదల్లేదు. ఇప్పుడు ఆటోలో జనం చప్పున ఊరుకునేది కూడా ఆ చోటే.

ట్యాంకు ముందు నిలబడి, ఒక్క ఫోనుతో ఆ పాట తీశాం. వెనక అమ్మ ఆరేసిన దుప్పట్లు కూడా వచ్చాయి. వారం తిరగకముందే మా బతుకులు తలకిందులయ్యాయి. ఎవరెవరో పంపుకున్నారు, ఎక్కడెక్కడో పెట్టుకున్నారు. కిరాణా కొట్టు మామ కూల్‌డ్రింకు ఊరికే ఇచ్చాడు. హబ్సిగూడ సిగ్నలు దగ్గర స్కూటీ మీది పిల్లలు "దుప్పట్ల పాట అక్కలు" అని అరిచారు. చర్చిలో పెద్దలు గుసగుసలాడారు, లోక సంబంధమైన పాటలు పాడే పిల్లలను క్వైరులో ఉంచవచ్చా అని. పాస్టరమ్మ అందరి ముందే లేచింది.

"గొంతు దేవుడిచ్చిండు. ఆళ్లు దొంగతనం జేస్తలేరు గద. పాడుకోనియ్యుర్రి" అంది. ఆ మాటతో గుసగుసలు ఆగాయి.

అంతలో పాటలు విడుదల చేసే ఒక కంపెనీ వాళ్లు జూబ్లీహిల్స్ వైపు నుంచి ఫోను చేశారు. పాటను స్టూడియోలో మళ్లీ తీద్దామన్నారు. నలుగురం మెట్రోలో పోయాం, ఆ అన్న సూటు వేసుకుని వచ్చాడు, ఎందుకో తెలియదు. స్టూడియో ఏసీకి నాకు పళ్లు కొట్టుకున్నాయి. అక్కడ పాట ఎట్లా పాడతారో అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. నలుగురినీ ఒక్కొక్కరినే లోపలికి పంపుతారట. చిన్న గది, తలుపు వేస్తే బయటి చప్పుడు చచ్చిపోతుంది. చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు మైకు, అద్దం అవతల ఇంజినీరు.

మేడ మీది పిల్ల మొదట వెళ్లింది, చకచకా పాడి వచ్చేసింది. తర్వాత నేను. హెడ్‌ఫోన్లలో ఆమె గొంతే పెట్టారు. కానీ అది నా పక్కన లేదు. నా తల మధ్యలో ఉంది. ఆనుకుందామంటే భుజం లేదు, ఆమె ఊపిరి ఎప్పుడు తీస్తుందో తెలియదు, ఆ ఊపిర్లన్నీ అప్పటికే కోసేశారట. నేను నోరు తెరిచిన ప్రతిసారీ రాగంలోకే జారిపోయాను. ఇంజినీరు మంచివాడు, ఒక్క మాట తూలలేదు. "మేడం, మళ్లీ ట్యూన్‌లోకి వెళ్లిపోతున్నారు. మీ లైను మీరు పట్టుకోండి" అన్నాడు. ఆమె గొంతు తీసేసి కీబోర్డు మీద నా స్వరాలు మోగించి చూశాడు. అప్పుడు అసలేమీ రాలేదు. మెట్ల మీద నేనే కట్టిన వరస, నాకే ఎవరిదో లాగా వినబడింది.

"ఆ అమ్మాయి నా పక్కకొచ్చి నిలవడొచ్చా సార్?" అని అడిగాను.

"ఇద్దరి గొంతులూ ఒకే మైకులో పడితే తర్వాత విడదీయలేం మేడం. ఇక్కడ అందరూ ఇట్లాగే పాడతారు" అన్నాడు ఓపికగా.

విడదీయడం ఎందుకని అడగాలనిపించింది. అడగలేదు. బయటికి వచ్చాక అన్న "ఫికర్ జెయ్యకు, అయితది" అన్నాడు. ఆయన నా మొహం చూడకుండా అన్నాడు. గది బాడుగ గంటల చొప్పున నడుస్తోందని అందరికీ తెలుసు. కంపెనీ మనిషి మేడ మీది పిల్లను అడిగాడు, ఆ రెండో వరస నువ్వు పాడగలవా అని. ఆమె నా వైపు చూసింది. నేనే తల ఊపాను. ఊపక ఏం చేస్తాను? ఆమె లోపలికి వెళ్లి నా కింది గొంతును ఒక్క ఊపులో పాడేసింది. ఏళ్ల తరబడి ఎడమ చెవిలో విన్నది కదా, పొల్లుపోకుండా వచ్చింది. తన గొంతుకు తానే తోడు పాడుకుంది. అద్దం ఇవతల నిలబడి చూస్తుంటే, నేను చచ్చిపోతే ఇల్లు ఎట్లా నడుస్తుందో చూస్తున్నట్టు అనిపించింది. ఏమీ ఆగదు. చక్కగా నడుస్తుంది.

పాస్టరమ్మకు చెబితే కూర్చున్న చోటే ఏడ్చింది. "డబ్బల వెట్టి ఒక్కదాన్ని పాడమన్నరా? నేను గట్ల నేర్పలేదు గదనే. నాకేమెర్క గట్లుంటదని" అంది. ఆమెను ఊరుకోబెట్టేసరికి నా ఏడుపు ఎటో పోయింది. ఆమె నేర్పింది తప్పని నేను ఆ రోజూ అనుకోలేదు, ఈ రోజూ అనుకోను. జనంలో పాడేవాళ్లకు అదే సరైన విద్య. ఒంటరి గదిలో పాడాల్సి వస్తుందని మా చర్చిలో ఎవరు కలగన్నారు?

పాట బయటికి వచ్చింది. వీడియోలో నలుగురం ఉన్నాం, పాటలో ముగ్గురి గొంతులే. తర్వాత ప్రోగ్రాములు. అక్కడ కూడా వెనక రికార్డు నడుస్తుంటుంది, కింది గొంతు అందులోంచే వస్తుంది. నా చేతిలో మైకు ఉండేది, అందులోంచి ఎంత బయటికి వచ్చేదో దేవుడికే తెలియాలి. అంతా స్టెప్పులే అయిపోయాయి. స్టెప్పులు నాకు రావని చెప్పాను కదా. ఎవరూ నన్ను వెళ్లమనలేదు. పొమ్మనలేక పొగబెట్టారని కూడా అనలేను, పొగ కూడా లేదు. ఒకసారి పోచారంలో ఇంటర్వ్యూ ఉందని వైజాగ్ ప్రోగ్రాముకు వెళ్లలేదు. ఆ ప్రోగ్రాము బాగా జరిగింది. తర్వాతి దానికి టిక్కెట్లు మూడే వచ్చాయి. అన్న ఫోను చేసి, "నీకు కొత్త నౌకరి గద, లీవు దొరకదేమో అని" అన్నాడు. "అవును, దొరకది అన్నా" అన్నాను. అంతే, అంత సులువుగా అయిపోయింది.

వాళ్లు కొండాపూర్ వైపు మారిపోయారు. మేడ మీది పిల్ల వాళ్ల నాన్న నాగారంలో ఇల్లు కట్టుకున్నాడు. మా మేడ మీదికి ఇంకెవరో వచ్చారు, వాళ్లు దుప్పట్లు కూడా ఆరేయరు. మెట్రో స్తంభానికి ఏదో చీరల దుకాణం ప్రకటనలో ముగ్గురి బొమ్మ పెట్టారు. దాని కిందే నేను కొత్తిమీర కొంటాను. "గా నడుమది జర బొద్దయ్యింది" అని అమ్మ తలెత్తి చూసి నా సంతోషం కోసం అంటుంది. చర్చిలో ఇప్పటికీ కింది గొంతు పాడుతున్నాను. నా పక్కన నిలబడే ఆంటీ పై గొంతు మల్లాపూర్ రోడ్డు లాంటిది, ఎక్కడ గుంత వస్తుందో తెలియదు. మంచి మనిషి, ఆనుకుంటే ఇద్దరం పడతాం. ఒక్కోసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాస్టరమ్మ నియమం తప్పి, ఆ పాట కింది గొంతు ఒక్కదాన్నే పాడి చూశాను. ఆమె అన్నట్టే వేరే పాటయింది. అంత దిగులు పాట మా మెట్ల మీద నేను కట్టలేదు.

ఈ ఎండాకాలం ఆ ముగ్గురి ప్రోగ్రాము ఉప్పల్‌లోనే పెట్టారు. మా ఇంటికి పాసులు పంపారు. తలనొప్పి అని వెళ్లలేదు. అమ్మ, వీధి ఆడవాళ్లు వెళ్లి వచ్చి, ఏం జనం, ఏం జనం అని చెప్పుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం మా గేటు ముందు క్యాబు ఆగింది. మూతికి మాస్కు, నెత్తిన టోపీతో మేడ మీది పిల్ల దిగింది.

"ఆంటీ, బగారన్నం తిని ఎన్నాళ్లయిందో" అంటూ నేరుగా వంటింట్లోకి వచ్చింది. అమ్మ ఆ పిల్ల బుగ్గలు నిమిరి, మెటికలు విరిచి, కోడికూర వడ్డించి, మా ఇద్దరినీ వదిలి పక్కింటికి వెళ్లింది. ఎవరు వచ్చారో చెప్పకపోతే ఆమెకు కడుపు ఉబ్బుతుంది. మేడ మీది పిల్ల ప్లేటు కడిగి, పూర్వంలాగే వంటగట్టు ఎక్కి కూర్చుంది. బొద్దు కాలేదు, చిక్కింది. కళ్ల కింద నల్లగా ఉంది.

ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని నాకు తెలుసు. గిన్నె తుడుస్తూ, దాని వైపే చూస్తూ అడిగాను.

"ఏమే, నేను మల్ల వస్తనంటే తీసుకుంటరా? పైసలద్దు, వీడియోలల్ల కనవడుడద్దు. మీ పక్కన నిలవడి పాడితే సాలు నాకు."

అడిగాక నా ముఖం కాలిపోయింది.

"ఎక్కడికొస్తావే?" అంది. "పక్కన నిలబడటం అనేది అక్కడ లేదు. చెవుల్లో ఇంతింత ముక్కలు పెడతారు. అందులో టిక్కు టిక్కు అని లెక్క వినబడుతుంది, నా గొంతు నాకు వినబడుతుంది. అంతే. అక్క నాకు రెండు గజాల దూరంలో ఉంటుంది. ఆమె పాడుతోందో లేదో నోరు చూస్తేగానీ తెలీదు. నిన్న అంతమంది జనం కదా, వాళ్ల గోల కూడా నాకు సరిగ్గా వినబడలేదు."

"మరి గంత సంబురంగ కనవడ్తరు?"

"కనబడాలి కదే" అంది. నవ్వలేదు.

ఇన్నేళ్లూ ఆ చోటు అక్కడ అట్లాగే ఉందని, నేనే బయట ఉండిపోయానని కుమిలిపోయాను. ఎవరో వచ్చి ఆ ఇల్లే కూలిపోయి చాలా కాలమైందని చెప్పినట్టుంది. ఆమె మీద కోపం కూడా వచ్చింది, ముందే చెప్పవచ్చు కదా అని.

"పాడదామా?" అంది ఆమె గట్టు దిగుతూ.

నా కుడి పక్కన వచ్చి నిలబడింది. భుజం తగిలింది. ఆమె ఊపిరి తీసుకోవడం వినబడింది, నేనూ తీసుకున్నాను. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం. ఇద్దరి నోటా కింది గొంతే వచ్చింది.

ఆగి మొహాలు చూసుకున్నాం. "పైది నీది గదనే" అన్నాను. సరేనని మళ్లీ ఊపిరి తీసింది. మళ్లీ కింది గొంతే పాడింది. ఈసారి నేను ఆపేశాను. ఆమె ఆపలేదు, కొంచెం దూరం పోయి ఆగింది.

"పైది రోజూ పాడుతూనే ఉన్నానుగా. అది ఉద్యోగం. ఇంట్లో తిరుగుతుంటే, స్నానం చేస్తుంటే నీదే వస్తుంది నోటికి. ఆ రోజు ఆ గదిలో నీది పాడేదాకా తెలీలేదు, నువ్వు నన్ను ఎక్కడి నుంచి వింటున్నావో. అప్పట్నుంచీ ఒక్కసారి పక్కన ఎవరైనా పైది పాడుతుంటే, దాని కింద నిలబడి పాడాలని..." అని ఆపేసింది. కళ్లు తుడుచుకుంది. "నువ్వు పాడవే పైది. ఒక్కసారి."

కుడి పక్కన నిలబడ్డ మనిషి చుట్టూ తిరిగి వచ్చి నా ఎడమ పక్కన నిలబడింది. నేనెప్పుడూ నిలబడే చోట. నాకు పై గొంతు పాడాలని లేదు. ఆ చోటు కోసమే కదా నేను ఇన్నేళ్లు ఏడ్చింది. జరుగు, అది నాది అనాలని నోటిదాకా వచ్చింది. అప్పటికే ఆమె కళ్లు మూసుకుని, చెవి నా మీద పెట్టి ఎదురుచూస్తోంది.

నేను పై గొంతు అందుకున్నాను.